ఉత్తరేణి వేరు

తిరుపాలమ్మ చెయ్యి తగిలితే అడ్డం తిరిగిన బిడ్డ కూడా సిగ్గుపడి తల వంచుకుని వస్తుందని మౌలాబీ అన్నదట. పక్కింట్లో వంట చేసే మౌలాబీ ఆ మాట సల్వాలో ఉన్న తన చెల్లెలికి చెప్పిందట, చెల్లెలు ఫోనులో ఇంకెవరికో చెప్పిందట. అట్లా కువైట్ అంతా తిరిగి ఆ మాట శుక్రవారం పొద్దున్నే డ్రైవరు నాగేశ్వర నోటి గుండా జహ్రాలోని ఆ ఇంటి వాకిట్లోకి వచ్చి పడింది.

"నూరు కాన్పులంట గదక్కా. పోయిన శుక్రారం ఎనబై అని విన్యా. వారంలో ఇరవై మందిని యాడ పుట్టిస్తివి, మన యజమానమ్మ బాత్రూములోనా?"

తిరుపాలమ్మ వంచిన నడుం ఎత్తలేదు. రాత్రి ఎడారి గాలి తెచ్చి పోసిన దుమ్మును పైపుతో కడుగుతూ, రబ్బరు కట్టెతో నీళ్లను మోరీ వైపు తోస్తూ ఉంది.

"నీ పని సూసుకో నాయనా. బండి తుడిస్తివా?" అన్నది. అంతే తప్ప, కాదని మాత్రం అనలేదు. ఆ కాదనకపోవడానికి అప్పటికి రెండేళ్ల వయసు.

ఏభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది, రాగిసంగటి మీద పెరిగిన ఎముక. తలకు కట్టిన నల్లగుడ్డ కిందినుంచి చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు ఎంత దోపినా బయటికి వస్తాయి. చేతులు మాత్రం ఆమెకంటే పదేళ్లు పెద్దవి. బాత్రూములు కడిగే మందుకు వేళ్ల సందులు పగిలాయి. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి, మళ్లీ అతుక్కోలేదు. ఆ చేతులకు కువైట్‌లో ఆరు రోజులు ఒక పని, ఏడో రోజు మధ్యాహ్నం ఇంకో పని.

ఆరు రోజులూ ఆమె 'తిరూ'. పనివాళ్లంతా మామా అని పిలిచే ఇంటి యజమానురాలికి పూర్తి పేరు నోరు తిరగదు. తిరూ చాయ్, తిరూ హమ్మాం కడుగు, యల్లా తిరూ, తొందరగా. రాయచోటి పక్కన పల్లెలో మొగుణ్ణి మట్టి చేసి, ఇద్దరు మగపిల్లల్ని అత్త దగ్గర వదిలి విమానం ఎక్కిన నాటినుంచి అదే పిలుపు. ఆ పిల్లలకు మీసాలు మొలిచాయి, పెళ్లిళ్లయ్యాయి, వాళ్లకూ పిల్లలు పుట్టారు. మనవళ్లంతా రాయచోటి ఆసుపత్రిలోనే పుట్టారు. ఒక్కరు పుట్టినప్పుడూ ఆమె దగ్గర లేదు.

శుక్రవారం మధ్యాహ్నం, మామా కొడుకులు మాంసం అన్నం తిని లేచిన పెద్ద పళ్లేలు కడిగి బోర్లించాక, పొద్దుగుంకే నమాజు దాకా సెలవు. ఆ కాసేపు ఆమె 'పెద్దమ్మ'.

అది కూడా మౌలాబీ చలవే. రెండేళ్ల కింద ఒక శుక్రవారం, కడప వాళ్లంతా ఒకచోట కలిసినప్పుడు ఎవరో ఆడమనిషి కడుపునొప్పని మెలికలు తిరుగుతుంటే తిరుపాలమ్మ పొట్ట నిమిరి, వాము నీళ్లు తాగించింది. నొప్పి తగ్గింది. ఇదంతా యాడ నేర్చినావని అడిగితే, "మా అత్త ఓబులమ్మ ఐదూళ్లకు మంత్రసాని. ఆమె ఎంబడి నేను గూడా పోతాంటి" అన్నది. అది నిజమే. మౌలాబీ నోట్లో ఆ మాట మరుసటి వారానికి అత్తను వదిలేసింది. ఆ పై వారానికి కోడలే మంత్రసాని అయి కూచుంది.

మొదట తిరుపాలమ్మకు నవ్వొచ్చింది. తర్వాత ఒక పిల్ల వచ్చి కడుపు మీద చెయ్యి పెట్టమంది. పెట్టింది. ఆ పిల్ల ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆరు రోజులు పాయిఖానాల్లో మునిగే చేతిని ఒకరు కళ్లకద్దుకుంటే, నేను దానికి తగనని చెప్పడానికి దేవుడై ఉండాలి. తిరుపాలమ్మ దేవుడు కాదు. అట్లా వచ్చినవాళ్లంతా కాగితాలున్నవాళ్లు. చెయ్యి ఆమెతో పెట్టించుకున్నారు, ఆసుపత్రికి పోయి కన్నారు. పేరు మాత్రం ఆమెకొచ్చింది.

నిజానికి ఓబులమ్మ వెంట పోయి ఆమె చేసిన పని దీపం పట్టుకోవడం. దీపం మంచం వైపు, మొహం తలుపు వైపు. "చిన్నదానివి, ఇటు సూడొద్దు" అనేది అత్త. బిడ్డ ఏడుపు విన్నదే తప్ప, బిడ్డ వచ్చే దారి ఏనాడూ చూడలేదు.

కడుపుతో ఉన్న చంద్రిక సంగతి వేరు. ఆ పిల్ల సల్వాలో ఒక ఇంట్లో పని చేస్తూ, అక్కడ పడలేక పారిపోయి వచ్చింది. పాస్‌పోర్టు పనికి పెట్టుకున్న కఫీల్ దగ్గర ఉంది, దేశంలో ఉండనిచ్చే ఇఖామా ఖలాస్, గడువు తీరిపోయింది. మొగుడు ఆంజి దజీజ్‌లో ఒక గోదాముకు కాపలా. గోదాము వెనక గదిలో పెండ్లాన్ని దాచుకున్నాడు. ఆసుపత్రిలో ముందు అడిగేది కాగితం. లేదంటే పోలీసు, జైలు. దాచినందుకు ఆంజికీ అదే గతి. ప్రభుత్వం క్షమాభిక్ష ఇస్తుందంట, ఇచ్చినప్పుడు తల ఎత్తుకుని విమానం ఎక్కుదామని ఇద్దరూ కాచుకుని ఉన్నారు. క్షమాభిక్ష రాలేదు. కడుపు ఆగలేదు.

ఆరో నెలలో చంద్రిక అడిగింది. "పెద్దమ్మా, ఫర్వానియా పక్క ఒక మలయాళం డాక్టరమ్మ ఉండాదంట. కాగితాలు అడగదంట. ఒగసారి సూపిచ్చుకుందునా?"

అప్పుడు తిరుపాలమ్మ చేతిలో అన్నం పళ్లెం ఉంది. శుక్రవారం ఆ గదికి చేరిన కడప వాళ్లంతా ఆమె నోటి వంక చూస్తున్నారు.

"డాక్టరెందుకుమే? నేనుండా గదా" అన్నది.

అన్నాక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

ఆ మాటకు బలంగా ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. సెలవుకు ఊరికి పోయినప్పుడు చేనిగట్టున పీకి, ఎండబెట్టి, చీరల మడతల్లో పెట్టుకొచ్చిన ఉత్తరేణి వేరు ఒకటి ఆమె పెట్టెలో ఉంది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు. అప్పటికి తన మీది పుకారును తానూ సగం నమ్మిందేమో. సుఖంగా కాన్పు కావాలని ఆ వేరును పసుపుదారంతో చంద్రిక మొలకు కట్టింది. ఓబులమ్మ అయితే నొప్పులు మొదలయ్యాకే కట్టేది, బిడ్డ పడిన మరుక్షణం విప్పేది. విప్పడం మరిస్తే పేగులు కూడా బిడ్డ వెంట వచ్చేస్తాయని భయపెట్టేది. అవన్నీ తిరుపాలమ్మకు గుర్తున్నాయి. అయినా ముందే కట్టింది. కట్టించుకుంటున్నప్పుడు ఆ పిల్ల మొహం అట్లా వెలిగింది మరి.

నాగేశ్వర నూరు కాన్పులని ఎగతాళి చేసిన ఆ శుక్రవారం పళ్లేలు కడగడం అయ్యాక, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, బాత్రూము మందు వాసన పోయిందో లేదో ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, తిరుపాలమ్మ బండెక్కింది. వెనక సీట్లో మౌలాబీ ఒళ్లో సంచి పెట్టుకుని కూచుంది.

"కొత్త బ్లేడు తెచ్చినా, దారం తెచ్చినా, మెత్తని పాతగుడ్డలు తెచ్చినా. తొమ్మిదో నెల పడె గదా, యాళగాని యాళలో వస్తే? ఇంగేం గావాలక్కా?"

"నీ నోటికొక తాళం" అన్నాడు నాగేశ్వర.

తిరుపాలమ్మ కిటికీలోంచి చూస్తూ ఉంది. బ్లేడు అన్న మాట దగ్గర చీలిన బొటనవేలి గోరును పిడికిట్లో దాచుకుంది.

దజీజ్‌లో శుక్రవారం గోదాములకు షట్టర్లు దించి ఉంటాయి. ఖాళీ వీధిలో చిరిగిన అట్టముక్కలు గాలికి దొర్లుతున్నాయి. ఆంజి వెనక తలుపు తీసి, అటూ ఇటూ చూసి లోపలికి రమ్మన్నాడు. గదినిండా కొత్త టైర్ల వాసన. పరుపు మీద కూచున్న చంద్రికను చూసి తిరుపాలమ్మ గడప దగ్గరే ఆగింది. మొహం ఊది, కళ్లు చిన్నవైపోయాయి. కాళ్లకు ఆంజి చెప్పులున్నాయి.

"నా చెప్పుల్లోకి కాళ్లు పట్టల్యా పెద్దమ్మా. ఈయనవి ఏసుకుంటి" అని నవ్వబోయి, చంద్రిక నుదురు పట్టుకుంది. "పొద్దుట్నుంచి తల పగిలిపోతాంది. కండ్ల ముందర మిణకర పురుగులు తిరుగుతాండాయి."

"నీరు పట్టింది, అంతే. కడుపుతో ఉంటే పట్టేదే. నువ్వే గదక్కా అంటివి, పోయిన వారం?" అన్నది మౌలాబీ.

నిజమే, అన్నది తనే. తిరుపాలమ్మ పరుపు పక్కన కూచుంది. చంద్రిక అలవాటుగా ఆమె ఎడమచేతిని తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. తిరుపాలమ్మ కుడిచేతి బొటనవేలిని ఆ పిల్ల మోకాలి కింది ఎముక మీద ఆనించి అదిమింది. ఎందుకు అదిమిందో ఆమెకు తెలియదు, వేలే తనంతట తాను పోయింది. తీసి చూస్తే పిండిలో వేలు పెట్టినట్టు గుంట పడి ఉంది. చూస్తూ ఉంది. గుంట పూడలేదు.

ఆ గుంట ఆమె ఇంతకు ముందు చూసింది, దీపం వెలుగులో. రెడ్ల ఇంట్లో ఒక కోడలి కాలు అట్లాగే అదిమి, అట్లాగే చూసి, ఓబులమ్మ చేతులు కడుక్కుని లేచింది. "ఇది నా చేతిలో ల్యా. బండి కట్టండి" అన్నది. ఇంటివాళ్లు నానా మాటలన్నారు. పనిచేతగాక పారిపోతున్నదన్నారు. దీపం పట్టుకుని వెనకాల నడుస్తూ కొత్తకోడలు తిరుపాలమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మా అత్త ఓడిపోయిందనే ఇన్నేళ్లూ అనుకుంది.

"నాగేశ్వరా, బండి తియ్యి" అన్నది.

"యాడికి?" అన్నాడు ఆంజి.

"ఆస్పత్రికి."

"కాగితాల్యాకుండానా? నువ్వే గదా పెద్దమ్మా వద్దంటివి? నేనుండా అంటివి గదా?"

"నేను దీపం పట్టుకున్యా నాయనా. మా యత్త కాన్పులు చేస్తాంటే దీపం పట్టుకున్యా. ఒక్క బిడ్డను గూడా నా చేత్తో పట్టింది ల్యా."



"మరి నూరు కాన్పులు..." అన్నది మౌలాబీ.

"అవి నువ్వు చేసినవే గదమ్మా."

ఆంజి చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చేతిని ఏం చేయాలో తెలియక గోడకు ఆనించాడు. చంద్రిక తన పొట్ట మీద పెట్టుకున్న తిరుపాలమ్మ చేతిని తీసి, ఎంతో మర్యాదగా, పరుపు మీద పెట్టింది. తర్వాత మొగుడి వైపు చూసి, "పోదాం పా" అన్నది.

"ఇది మామా బండక్కా. పోలీసు ఆపితే నా బతుకు గూడా ఖలాసే" అన్నాడు నాగేశ్వర, తాళాలు పిడికిట్లో బిగించి.

"నేను తియ్యమన్యానని చెప్పు. అడిగితే నన్ను సూపీ."

దారిలో ఒక సిగ్నలు దగ్గర చంద్రిక పళ్లు బిగుసుకున్నాయి. ఒళ్లంతా విల్లులా వంగింది. ఊళ్లో దాన్ని గుర్రపువాతం అనేవాళ్లు. మౌలాబీ గట్టిగా కలిమా చదవసాగింది. తిరుపాలమ్మ తన తలగుడ్డ ఊడదీసి ఆ పిల్ల పళ్ల మధ్య దోపింది, అది మంచిదో చెడ్డదో తెలియకుండానే. సిగ్నలు ఎర్రగానే ఉంది. నాగేశ్వర ఆగలేదు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆంజి ఒక్క క్షణం నిలబడ్డాడు. లోపల పోలీసు టోపీ కనబడుతూ ఉంది. తర్వాత పెండ్లాం కాళ్ల నుంచి జారిపోయిన తన చెప్పుల్ని చంకలో పెట్టుకుని లోపలికే నడిచాడు. చక్రాల మంచం వచ్చింది, తెల్లకోట్లు వచ్చాయి, తలుపులు మూసుకున్నాయి. వాళ్లు కాగితం అడగకుండానే లోపలికి తీసుకుపోయారు. అడిగింది ఆ తర్వాత, బల్ల దగ్గర. తిరుపాలమ్మ తన బతాకా తీసి బల్ల మీద పెట్టింది. కువైట్‌లో ఆమె మనిషని చెప్పే కార్డు అదొక్కటే. "ఆ పిల్లను తెచ్చింది నేను" అన్నది, తనకొచ్చిన అరబ్బీలో. పోలీసు దాన్ని తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.

పొద్దుగుంకే మగ్రిబ్ నమాజు పిలుపు అయిపోయింది. సంచిలో ఫోను మోగి ఆగింది, మళ్లీ మోగి ఆగింది. మామా అయి ఉంటుంది, రాత్రి చాయ్‌కి. తిరుపాలమ్మ తీయలేదు. తలగుడ్డ లేని నెరిసిన జుట్టుతో, చేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, బెంచీ చివర కూచుంది.

మొదటిసారి నర్సు రత్నమణి బయటికి వచ్చి, వీళ్ల మాట విని తెలుగులోకి మారింది. గోదావరి పక్క మనిషి. "ఆడపిల్లండి. ఆపరేషన్ చేసి తీశారు. బరువు తక్కువండి, అయినా ఊపిరి బానే తీసుకుంటంది. గాజుపెట్టెలో ఉంచారు" అని చెప్పి వెళ్లిపోయింది. మౌలాబీ ఏడ్చింది. ఆంజి చెప్పుల్ని చంకలోంచి తీసి, కింద జతగా పెట్టాడు, ఆమె లేచి వచ్చి వేసుకుంటుందన్నట్టు.

రెండోసారి రత్నమణి చాలాసేపటికి వచ్చింది. నడక నెమ్మదిగా ఉంది. "తలలో నరం చిట్లిందన్నారండి. చాలా చూశారు. నిలవలేదండి" అన్నది.

ఆంజి బెంచీ మీంచి నేల మీదికి జారాడు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. నడవాలో దూరంగా ఒక పనిమనిషి నేల తుడుచుకుంటూ వస్తూ, వీళ్లను చూసి, వెనక్కి తిరిగి అటునుంచి తుడవడం మొదలుపెట్టింది.

రత్నమణి కాసేపు నిలబడింది. పోబోయి, పోలేకపోయింది. "ఒక్క మాటండీ. ఆ వాపు, ఆ తలనొప్పి ఇవాళొచ్చినవి కాదండి. నెలకోసారి ఎక్కడో ఓచోట చూపించుకునుంటే దారి ఉండేదేమో. అంత చిన్నపిల్లని ఇన్ని నెలలు డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఎవరాపారండీ?"

ఆంజి నేల వంక చూశాడు. మౌలాబీ గోడ వంక చూసింది. నాగేశ్వర చేతిలో తాళాలు చప్పుడు కాకుండా పట్టుకున్నాడు.

నర్సు చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్ సంచి ఉంది. ఆపరేషన్ బల్ల మీద కత్తెరతో కత్తిరించి తీసిన పసుపుదారం, దానికి వేలెడంత ఎండువేరు. "ఇది ఆవిడ మొలకుందండి. ఎవరు కట్టారు?"

"నేనే కట్టినా. డాక్టరు వద్దన్నదీ నేనే."

దారం తడికి రంగు వదిలి, సంచి అడుగున పచ్చగా మరక కడుతూ ఉంది.