గుల్జార్‌బీ పువ్వు

మా అక్క పెళ్లి జాకెట్టు లోపలి గుడ్డను నేను బ్లేడు పెట్టి విప్పేశాను. పులివెందులలో ఉన్న అక్క శిల్పకు ఈ సంగతి తెలిస్తే నా వీపు విమానం మోత మోగుతుంది. వదులు చేయించి ఇస్తానని నమ్మబలికి తెచ్చుకున్నాను మరి.

ఏం చేయను? ప్రొద్దుటూరులో మగ్గం పని అంటే గుల్జార్‌బీ. ఆమె దగ్గర కుట్టే నలుగురిలో ఒకామె కువైట్ వెళ్లిపోయింది. ఆ చోటు నాకు కావాలి. లింగాల నుంచి రెండు బస్సులు మారి వెళ్లి నా పని చూపిస్తే, ఆమె కళ్లద్దాల పైనుంచి ఒక్క చూపు చూసి పక్కన పడేసింది.

"ఫోన్లో చూసి నేర్చుకున్యావా పాపా?"

"అవును చిన్నమ్మా."

"తెలుస్తాండాదిలే. నేను ఎవురికీ నేర్పను. ఆదివారానికి జాకెట్టు చెయ్యి ఒకటి కుట్టుకోని రా. నచ్చితే ఆ చోటు నీది. లేదంటే మెహతాబ్ అడుగుతాండాది, ఆమెకిస్తా."

ఒళ్లు మండిపోయింది. నేర్పదట, పని మాత్రం తనకు నచ్చాలట! బస్సులో తిట్టుకుంటూ వస్తుంటే గుర్తొచ్చింది, పదేళ్ల కిందట అక్క జాకెట్టు కుట్టింది ఈ మహాతల్లే.

పైనుంచి చూస్తే తీగ, ఆకులు, ఒక నెమలి. అవి నేనూ కుడతాను. తిరగేసి చూశాక మాత్రం నోరెళ్లబెట్టాను. నా పనిలో వెనకపక్క ఆకుకొక ముడి ఉంటుంది. ఆమె తీగ మొత్తానికి రెండే ముడులు, మొదట్లో ఒకటి, చివర ఒకటి. మధ్యలో దారం ఎక్కడా తెగలేదు. అదెలా కుదిరింది? గుండుసూది మొన ఆనించి దారం వెంటే పోయాను. తీగ మీద కాస్త నడిచి, ఆకు చుట్టూ తిరిగి, మళ్లీ తీగ మీదికే వస్తోంది. రోజంతా అదే పని. అమ్మ అన్నం పెట్టి అరిచినా లేవలేదు.

"జాకెట్టుతో మాట్లాడతాండావా ఏందే జాహ్నవీ?" అంది అమ్మ. నిజంగా అలాగే ఉంది.

ఒక్కటే అంతుబట్టలేదు. నెమలి తోక పక్కన, తీగకు అంటకుండా, ఒక్క ఎర్ర పువ్వు. అది అక్కడెందుకుందో ఎంత బుర్ర గోక్కున్నా తేలలేదు. పెద్ద పనిమంతురాలు, ఏదో రహస్యం ఉండే ఉంటుందిలే అని దాన్నీ దించేశాను, సరిగ్గా అదే చోట.

ఆదివారం నేను కుట్టిన చెయ్యి చూసి గుల్జార్‌బీ పకపకా నవ్వింది.

"ఈ పువ్వెందుకు పెట్టినావే?"

"మా అక్క జాకెట్టుకు నువ్వు పెట్టినావు కదా!"

"ఆ పొద్దు మగ్గం కింద పెట్టిన చేతికి సూది దిగి నెత్తురు చుక్క పడింది. కనపడకుండా పువ్వు కుట్టినా. నీకూ దిగిందా సూది?"

మగ్గం చుట్టూ ఉన్న ముగ్గురూ విరగబడి నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. చోటు పోయినట్టే అనుకున్నాను. కానీ నా నోరు ఊరుకుంటుందా?

"పువ్వు సంగతి ఇడ్సిపెట్టు చిన్నమ్మా. ఒకసారి తిరగేసి చూడు."

తిరగేసింది. తీగ వెంట వేలు పెట్టి చివరిదాకా పోయింది. నవ్వు ఆగిపోయింది.

"ఇది నీకెవురు చెప్పినారు?"

"నువ్వు కుట్టిన జాకెట్టే."

"లోపలి గుడ్డ ఇప్పినావా? మీ యక్కకు తెలుసా?"

"తెలీదు."

"ఇన్నేండ్లలో ఒక్కరు కూడా నా పని తిరగేసి చూళ్లేదు" అంది మెల్లగా. ఆ తర్వాత ఖాళీగా ఉన్న చాప ముక్కను నా వైపు జరిపింది. నాకు ఏడుపొచ్చింది.

మరుసటి వారం పులివెందుల పెళ్లికూతురి జాకెట్టు మగ్గం మీద ఉంది. లేత పసుపు పట్టు. నా కింద చేతికి సూది దిగింది. చూస్తుండగానే గుడ్డ మీద ఎర్రటి చుక్క తేలింది. అయ్యో అన్నాను.

గుల్జార్‌బీ తలెత్తలేదు.

"పువ్వు పెట్టబాక. అది నాది."

ఆ పెళ్లికూతురి వాళ్లకు చీనీ తోటలున్నాయి, అదే బత్తాయి తోటలు. చాలాసేపు ఆలోచించి, చుక్క మీద పచ్చ పూసలతో చిన్న చీనీకాయ కుట్టాను. అప్పుడు తలెత్తి చూసింది గుల్జార్‌బీ.

"జాకెట్టు మీద కాయేందే?" అంది గానీ, విప్పమనలేదు.