రాయి పక్కన మనిషి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తడి రాళ్ళ మీద నా నాలుగేళ్ళ పిల్ల కాలు జారుతుంది, ఆ క్షణాన పక్కనే ఉన్న తండ్రి కన్ను కెమెరాకి అంటుకుని ఉంటుంది.

మా పిచ్చుక పుట్టినప్పటి నుంచి నేనింతే. మెట్లు చూస్తే భయం, బకెట్‌లో నీళ్ళు చూస్తే భయం. "నీతో వేగలేం తల్లీ, ఫ్యాన్ వేసినా పిల్ల ఎగిరిపోతుందంటావు" అని మా వదిన, ఆయన అక్క, నవ్వుతుంది. నవ్వుకోనీ అనుకుని, ఈ వేసవి ప్రయాణం పనంతా నేనే నెత్తిన వేసుకున్నాను. ఆయనకు రాళ్ళ తీరం ఫోటోలు కావాలి, నాకు పిల్ల క్షేమంగా తిరిగి రావాలి. అంచుకు దూరంగా ఉండే గదులు వెతికాను. సముద్రం వెనక్కి తగ్గిన వేళల్లోనే ఫోటోలు తీయాలనీ, పిల్ల చెయ్యి నా చేతిలోనే ఉండాలనీ ఆయన్ని ఒప్పించాను. "సరే మహారాణీ" అన్నారు. పదో తరగతి దాటని నేను ఒక ప్రయాణం మొత్తం కుదర్చగలిగానని లోపల కాస్త గర్వం కూడా. మంచం దిగలేని మావయ్యను ఆ వారం వదిన చూసుకుంటానంది.

మొన్న పొద్దున పిల్ల టోపీ పట్టుకుని కారు దగ్గరికి వెళ్తే, ముందు సీటులో వదిన కూర్చుని ఉంది. వెనక పిల్ల, పిల్ల చుట్టూ కెమెరా సంచులు.

"నాన్నకి నీ చేతి అన్నమే పడుతుంది" అంది, నా మొహం చూడకుండా.

"మరి నేను?"

"నువ్వొస్తే ప్రతి రాయి దగ్గరా కెవ్వుమంటావు. వీడు ఒక్క ఫోటో తీసుకోగలడా? రాత్రే అనుకున్నాంలే."

ఆ ముందు రాత్రి నేను ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టెలో పెట్టి, నా చీరలు కూడా అందులోనే సర్దాను. ఆయన పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నారు. నువ్వు రావట్లేదు అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. "పిల్లని దింపండి" అన్నాను. "సముద్రం సముద్రం అని గంతులేస్తోంది, ఇప్పుడు దాన్ని ఏడిపించకు" అని ఆయన కారు స్టార్ట్ చేశారు. పిల్ల చెయ్యి ఊపింది. సిగ్గులేకుండా నేనూ ఊపాను.

ఈ మధ్యాహ్నం మావయ్యకు అన్నం తినిపిస్తుంటే ఫోన్‌కి ఫోటో వచ్చింది. ఆకాశమంత నల్ల రాయి. దాని అంచున, విరుచుకుపడే కెరటం ముందు, గోరంత ఎర్ర గౌను. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

వెంటనే ఫోన్ చేశాను. "ఒక్కదాన్నే నిలబెట్టారా?"

"రెండు నిమిషాలే. పక్కన మనిషి లేకపోతే రాయి ఎంత పెద్దదో ఎలా తెలుస్తుంది? పెళ్ళైన కొత్తలో నిన్ను నిలబెట్టలేదూ? పడ్డావా?"

"అది నా ఫోటో కదండీ."

"నీదేంటి, అందులో నీ మొహమెక్కడుంది? అది రాయి ఫోటో. సరే, ఉంటా. రేపు పొద్దున కెరటాలు ఇంకా పెద్దవట, ఇంకాస్త ముందుకు వెళ్ళి తీయాలి."

ఆ ఫోటో మా ముందు గదిలో ఆరేళ్ళుగా వేలాడుతోంది. వచ్చినవాళ్ళకి టీ ఇస్తూ, అది నేనే అని చెప్పుకునేదాన్ని. ఎంత ప్రేమ లేకపోతే అంత దూరం తీసుకెళ్ళి నన్ను తీస్తారు అని మురిసిపోయేదాన్ని. ఇన్నాళ్ళూ నేను ఒక రాయికి కొలబద్దని. ఇప్పుడా ఉద్యోగం నా కూతురికి వచ్చింది.

చేతిసంచి తీసుకోవడం మావయ్య చూశారు. "ఎక్కడికి?"

"పిల్ల దగ్గరికి."

"నాకు రాత్రికి అన్నం?"

పిల్లకేమైందని అడగలేదు. అన్నం, నీళ్ళు, మాత్రలు ఆయన చెయ్యందే చోట పెట్టాను. గుమ్మం దాటినదాన్ని మళ్ళీ వెనక్కి వచ్చి దుప్పటి సరిచేశాను.

ఇది బస్సులో కూర్చుని మన వీధి వాళ్ళ గ్రూపులో రాస్తున్నాను. తెల్లారకముందే అక్కడికి చేరతాను. నా పిల్లని నేను చూసుకుంటాను. పెద్దాయన కొడుకూ కూతురూ ఇద్దరూ ఫోన్ ఎత్తడం లేదు, పక్కింటికి తాళం వేసి ఉంది. మన వీధి చివర, చెప్పుల దుకాణం పైన ఇల్లు మాది. తలుపు గడియ వెయ్యలేదు. మీలో ఎవరైనా దయచేసి ఒకసారి వెళ్ళి మావయ్యను చూడండి. చెవి సరిగా వినపడదు, గట్టిగా పిలవాలి. కోడలేదని తిడతారు, తిట్టనివ్వండి. అన్నం మాత్రం వెనక దిండు పెట్టి కూర్చోబెట్టి తినిపించండి. పడుకుని తింటే పొలమారుతుంది.