పిల్లనడిగే చొక్కా

సినిమాలో పేదవాణ్ణి తయారు చేయడం ఎంత కష్టమో మీకెవరికీ తెలియదు. ఆ కష్టం నాది. కొత్త చొక్కాను టీ నీళ్లలో నానబెట్టి, మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్ది, జేబు సగం చింపాలి. ఇంతా చేశాక దర్శకుడు వచ్చి, "పేదరికం చాల్లేదమ్మా, ఇంకొంచెం వెయ్" అంటాడు, కూరలో ఉప్పయినట్టు.

ఆ రోజు సీనులో పేద హీరో డబ్బున్నవాళ్ల ఇంటికెళ్లి పిల్లనివ్వమని అడగాలి. అది విని మా లైట్లబ్బాయి పకపకా నవ్వాడు. యూనిట్లో అందరూ వాణ్ణి దీపం అంటారు. నాకు తమ్ముడిలాంటివాడు.

"పిల్లనడగడానికి ఎవడైనా చిరుగుల చొక్కా వేసుకెళ్తాడా అక్కా? ఉన్నవాటిలో మంచిది వేసుకుంటాడు గానీ!"

"నీకెందుకురా? వెళ్లి నీ లైట్లు చూసుకో," అన్నాను.

వాడికెందుకో తర్వాత తెలిసింది. హీరోయిన్‌కి జడలు వేసే అమ్మాయంటే వీడికి ప్రాణం. ఆ సాయంత్రమే వీణ్ణి వాళ్ల నాన్నకి చూపించబోతోంది. ఆయన సిటీబస్సు డ్రైవరు. సినిమావాళ్లంటేనే గిట్టదట, కూతురు బతిమాలితే ఈ ఒక్కసారికి సరేనన్నాడట. వీడు కొత్త నీలం చొక్కా కొనుక్కుని, నలగకుండా ఉంటుందని నా బట్టల స్టాండుకి తగిలించి పోయాడు. నాతో ఒక్క ముక్క చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా?

హీరో చొక్కాలు మాకెప్పుడూ జతగా వస్తాయి, ఒకటి మాటలకి, ఒకటి ఫైటుకి. స్టాండుకి రెండు నీలం చొక్కాలు కనిపించాయి. ఆ రోజు హీరోది ఒకటే వచ్చిందని నాకేం తెలుసు? రెండింటికీ పేదరికం పట్టించేశాను.

సాయంత్రం వాడొచ్చి చూసుకున్నాడు. తిట్టినా బాగుండేది. "జేబు కూడానా అక్కా?" అన్నాడంతే. నా గుండె తరుక్కుపోయింది.

వాడి ఒంటి మీదున్న చొక్కా నిండా గ్రీజు. చేసేది లేక ఆ చిరుగుల చొక్కా మీదే విలన్ కొడుకు కోటు తొడిగాను. వీడేమో బక్కపలచన, కోటు ఇద్దరు దూరేంత. వీపు మీద గుడ్డంతా వెనక్కి లాగి క్లిప్పులు పెట్టాను. మా కోటీశ్వరులు చాలామందికి వెనకాల క్లిప్పులే. కెమెరా ముందు నుంచేగా చూసేది!

"ఏం జరిగినా వీపు చూపించకు," అని చెప్పి, నమ్మకం లేక నేనూ వెంట వెళ్లాను.

పెద్దాయన ముందుగదిలో ఉన్నాడు. తలుపు తీసిన అమ్మాయి ఆ కోటు చూసి నోరు తెరిచింది.

"కూర్చో బాబూ," అన్నాడాయన.

"పర్వాలేదండీ."

"కూర్చోమంటుంటే!"

కూర్చున్నాడు. వీపు కుర్చీకి ఆనగానే ఒక క్లిప్పు టప్పున ఎగిరి పెద్దాయన ఒళ్లో పడింది. వెనకే మిగతావీ ఊడాయి. కోటు జారి, లోపల నా పనితనమంతా బయటపడింది.

"పైన పటారం, లోన లొటారం! అందుకే సినిమావాళ్లు వద్దన్నాను," అంటూ ఆయన లేచాడు.

దీపం కోటు విప్పేశాడు. "కోటు నాది కాదండీ. చొక్కా నాదే. మీ దగ్గరికని కొత్తది కొన్నాను. పొద్దున బాగానే ఉంది."

"పొద్దున బాగున్నది సాయంత్రానికి ఇలా ఎలా అవుతుందయ్యా?"

ఇక నా వల్ల కాలేదు. "నేనే చేశానండీ! నానబెట్టి, రుద్ది, చింపి మరీ పాడుచేశాను. నా ఉద్యోగమే అది! తిట్టాలంటే నన్ను తిట్టండి, వాణ్ణేమీ అనకండి!"

ఆయన నన్నూ ఆ జేబునూ మార్చి మార్చి చూశాడు. "చింపడానికి జీతమిస్తారా తల్లీ?"

"ఇస్తారండీ."

అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. లోపలికెళ్లి, ఇస్త్రీ చేసిన తన చొక్కా ఒకటి తెచ్చి దీపం చేతిలో పెట్టాడు.

"ఇది వేసుకో. వేసుకుని అడుగు."

పొట్ట దగ్గర సంచిలా వేలాడింది. గుండీలన్నీ పెట్టుకుని వాడు అడిగాడు. "మీ అమ్మాయిని నాకివ్వండి. బాగా చూసుకుంటాను." వాడి డైలాగు మొత్తం అంతే. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, తిరిగి తెచ్చివ్వాలి," అన్నాడు పెద్దాయన.

వాడి మొహం మాడిపోయింది. "రేపే తెచ్చిస్తానండీ."

"రేపెందుకు? ఆదివారం తీసుకురా. మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా."

తిరిగొచ్చేటప్పుడు దారంతా వాడు ఆ చొక్కా నిమురుకుంటూనే ఉన్నాడు. ఉతికిపెడతాను, ఇటివ్వరా అన్నాను. వాడు గబుక్కున పక్కకు జరిగాడు.

"నువ్వు మాత్రం ముట్టుకోకక్కా!"