అత్తయ్యను ఎవరికి అప్పగించాలి

మొదటిసారి పరీక్షలో మేనల్లుడు చేసిన ఘనకార్యం అంబులెన్సు శిక్షణ కేంద్రంలో కొత్తవాళ్ళకి ఇప్పటికీ చెబుతుంటారు. రోగి దగ్గరికి పరుగెత్తాడు, కట్టు కట్టాడు, అంబులెన్సు తలుపులు వేశాడు, సైరన్ మోగించుకుంటూ ఆసుపత్రికి వచ్చేశాడు. రోగి మాత్రం నేలమీదే ఉండిపోయాడు. ఈసారి కూడా తప్పితే ఇంటికి పంపించేస్తారు, ఇంకో అవకాశం లేదు. అందుకే ఆ రోజు పొద్దున్నుంచీ అతనికి ముద్ద దిగలేదు.

చాలదన్నట్టు రోగిగా పడుకోవలసిన ప్లాస్టిక్ బొమ్మకి మెడ ఊడి మరమ్మతుకు వెళ్ళింది. మనిషినెవరినైనా తెచ్చుకోమన్నారు. అడిగినవాళ్ళందరికీ పనులున్నాయి. చివరికి మేనత్తను బతిమాలాడు. ఆవిడకీ పనులున్నాయి గానీ, కాదనడం ఆవిడకి చేతకాదు, నోట్లో నాలుక లేని మనిషి. ఊరికే పడుకుంటే చాలన్న మాట మాత్రం నమ్మలేక రెండుసార్లు అడిగి, నడుం మీద చెయ్యి వేసుకుని బయల్దేరింది.

పరీక్ష పెట్టే మాస్టారు రూలు కోసమే పుట్టాడు. బండి తీసేముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూడనివాణ్ణి ఆయన మనిషిగా లెక్కచెయ్యడు. ఇంట్లో కుర్చీ వెనక్కి జరుపుకోవాలన్నా భార్యను వెనకాల నిలబెట్టి సైగ చెయ్యమంటాడని చెప్పుకుంటారు.

మేనల్లుడు ఈసారి ఒక్కటీ మరవలేదు. నిచ్చెన మీంచి పడ్డట్టు ఆవరణలో పడుకున్న అత్తయ్య దగ్గరికి వెళ్ళేముందు చుట్టుపక్కల తెగిన కరెంటు తీగలున్నాయేమో చూశాడు. గ్లౌజులు తొడుక్కున్నాడు. నొప్పి ఎక్కడ, ఏ మందులు వాడుతున్నారు, చివరిసారి ఎప్పుడు తిన్నారు అని చిలక పలుకుల్లా అడిగాడు. నేర్పిన జవాబులు మరిచిపోయి అత్తయ్య నిజాలే చెప్పేసింది. అతను వాటిని పైకి వల్లె వేసుకున్నాడే గానీ, ఆ కంగారులో అవి నిజాలన్న సంగతి బుర్రకెక్కలేదు. స్ట్రెచర్ బెల్టులన్నీ బిగించాడు. బండిలో తోడు వచ్చిన తోటి ట్రైనీ అమ్మాయిని రోగి పక్కన కూర్చోబెట్టాడు. బండిని మెల్లగా భవనం చుట్టూ తిప్పి, ఆ అమ్మాయి దిగి వెనకనుంచి చెయ్యి ఊపుతుంటే వెనక్కి నడిపి, ‘ఆసుపత్రి’ అని అట్ట తగిలించిన వెనక తలుపు దగ్గర ఆపాడు.

తలుపుకి తాళం వేసి ఉంది. నర్సు వేషం వెయ్యాల్సిన గుమాస్తా ఆఫీసు వేళ అయిపోయిందని వెళ్ళిపోయాడు.

మేనల్లుడు తాళం లాగి చూశాడు. తనపాటి శిక్షణైనా ఉన్నవాళ్ళకి అప్పగించేదాకా రోగిని వదలకూడదని రూలు. సాయంత్రం కేంద్రం గేటు మూసేలోగా అప్పగింత పూర్తి కావాలని ఇంకో రూలు. తోడు వచ్చిన అమ్మాయి అదే బండి మనిషి కాబట్టి చెల్లదట. పోనీ మీరే తీసుకోండని మాస్టారిని వేడుకున్నాడు.

“పరీక్ష జరుగుతున్నంతసేపూ నేనిక్కడ లేనట్టు లెక్క,” అన్నాడు మాస్టారు, అతని భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నిలబడి.

మిగిలింది ఒకటే దారి. బుద్ధి స్థిమితంగా ఉన్న రోగి తనంతట తాను వద్దని దిగిపోవచ్చు. స్థిమితం తేల్చడానికి, ఈ రోజు ఏ వారమో చెప్పమన్నాడు మేనల్లుడు.

“ఏ వారమైతే ఏంటిరా, అన్నీ వంట రోజులే,” అంది అత్తయ్య.

మాస్టారు విచారంగా తల అడ్డంగా ఊపాడు. ఈ స్థితిలో రోగిని దింపడం ప్రమాదమట. సరిగ్గా చెప్పి దిగిపోమని మేనల్లుడు చెవిలో గొణిగాడు. రోగిని వదిలేస్తే మళ్ళీ తప్పుతావు కదరా అని ఆవిడ ప్రేమగా గుర్తుచేసి, దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. తర్వాత మంచినీళ్ళడిగింది. తలవైపు కాస్త ఎత్తమంది. గాలి కొడుతోంది, తలుపు వెయ్యమంది. కాసేపటికి ఉక్కపోస్తోంది, తియ్యమంది. అడిగినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి వెళ్ళి చేస్తున్నారు. ఆ విడ్డూరాన్ని ఆవిడ పడుకునే కళ్ళారా చూస్తోంది.

గేటు మూసే వేళకి మామయ్య వచ్చాడు. ఇంట్లో పొయ్యి వెలగలేదని వెతుక్కుంటూ వచ్చినవాడు, భార్యను బెల్టులతో కట్టిపడేసి ఉండటం చూసి బిత్తరపోయాడు. అక్కడ లేని మాస్టారు ఆయన అర్హతలు అడిగాడు. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటిందన్నాడు మామయ్య. మాస్టారు చాలాసేపు ఆలోచించి, అనుభవం కింద అది చెల్లుతుందని తేల్చాడు. రోగి సంగతులు విని, తీసుకున్నానని నోటితో చెబితే చాలు.

“సరే, తీసుకున్నాను. పద, ఆకలేస్తోంది,” అన్నాడు మామయ్య.

మాస్టారు పెన్ను మూత తీశాడు. కాపలాదారు గేటు దగ్గర తాళాలు ఆడిస్తున్నాడు. ఇంక మేనల్లుడు రోగి సంగతులు చెప్పేస్తే చాలు, ఉద్యోగం వచ్చినట్టే. గబగబా మొదలుపెట్టాడు. ఎడమ మోకాలు ఏడాదిగా నొప్పి. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. బీపీ మాత్రలు అయిపోయి నెల. పొద్దున్న టీ తాగింది, ఆ తర్వాత ఏమీ తినలేదు.

చెబుతూ చెబుతూ అతని గొంతు నెమ్మదించింది. ఆ మాటలు అతను నిజంగా వినడం అదే మొదటిసారి. ఈ ఏడాదంతా వారం వారం ఆ ఇంటికి వెళ్ళాడు, ఆవిడ వండింది తిన్నాడు, చేతులు కడుక్కుని వచ్చేశాడు. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. మామయ్య అప్పటికే బెల్టులు లాగుతున్నాడు.

“మామయ్యా, ఇప్పుడు నేనేం చెప్పాను?”

మామయ్య బెల్టు పట్టుకునే తిరిగి చూశాడు. ఏదో కాలు అన్నాడు. ఎవరికి లేవు కాళ్ళ నొప్పులు అన్నాడు.

“మాస్టారూ, అప్పగించలేదు,” అన్నాడు మేనల్లుడు. “ఆయన వినలేదు.”

గేటు మూసుకుంది. తప్పావు అన్నాడు మాస్టారు, కోపమేమీ లేకుండా, పెన్ను మూత పెట్టుకుంటూ. మేనల్లుడికి ఏడుపొచ్చింది, అయినా స్ట్రెచర్ మీంచి చెయ్యి తియ్యలేదు. మామయ్య అతన్నీ, మూసిన గేటునీ మార్చి మార్చి చూశాడు. ఆకలి ఎటు పోయిందో, గొంతు తగ్గించి, ఇప్పుడు తనని ఏం చెయ్యమంటావని అడిగాడు.

“ఎక్కడ నొప్పి అని అడగండి.”

మామయ్య గొంతు సవరించుకున్నాడు. కొత్త మనిషిని పలకరిస్తున్నట్టు కాస్త వంగాడు.

“ఎక్కడ నొప్పి?”

అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసింది. బండిలో ఖాళీగా ఉన్న సీటు వైపు చెయ్యి చూపించింది.

“ముందు కూర్చోండి,” అంది. “నిలబడి వింటే అయిపోయేది కాదు.”