చిటికెన వేలి గుర్తు

రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. నాకు అక్షరాలు వచ్చి మూడేళ్లే అయింది. నేర్పింది నా కోడలు సునయన. ఒక్కో మాట కూడబలుక్కుని రాసేసరికి పొయ్యి మీద అన్నం మాడుతుంది. ఇంత రాయడానికి నెల పట్టింది.

మా పని మఖానా, చెరువులో పెరిగే ముళ్ల తామర గింజలు. మగవాళ్లు చెరువులో మునిగి గింజలు తీస్తారు. కడిగి, ఎండబెట్టి, జల్లించి, ఇనుప మూకుడులో వేయించేది ఆడవాళ్లం. కాలుతున్న గింజను చేత్తో తీసి చెక్క దిమ్మ మీద పెడితే మగవాడు కొయ్య సుత్తితో ఒక్కటి వేస్తాడు, తెల్లగా విచ్చుకుంటుంది. ఫలానావాడు మఖానా బాగా కొడతాడని ఊళ్లో చెప్పుకుంటారు. పెట్టిన చెయ్యి ఎవరిదో ఎవరూ అడగరు. కొన్నేళ్లకు నా వేళ్ల కొసలకు వేడి తెలియడం మానేసింది. తర్వాత ఇంకా చాలావాటికి అలాగే అయింది.

అత్తింట్లో నన్ను పేరుతో పిలిచినవాళ్లు లేరు. పుట్టిల్లు మఝౌరా కాబట్టి మఝౌరాదాన్ని. పెద్ద బావగారి ఎదుట ముసుగు తీయకూడదు, ఆయన చెవిన మన గొంతు పడకూడదు. పోలియో చుక్కలవాళ్లు వచ్చినప్పుడు గడపలో నిలబడి మాట్లాడింది ఆయనే. "ఊరికే వస్తే విషం కూడా తాగమంటారు. మా బాబాయిని పట్టుకెళ్లి ఆపరేషన్ చేసి నెయ్యి డబ్బా చేతిలో పెట్టారు. ఆయన వంశం అక్కడితో సరి. ఇప్పుడు పసిపిల్లల మీద పడ్డారా?" వీధిలో అందరూ ఆయన మాటే పట్టుకున్నారు. చుక్కలు వేయిస్తామన్న ఒక ఇంటికి నిప్పు కూడా ఇవ్వలేదు.

అయినా వాళ్లు నెలనెలా వచ్చేవారు. అప్పుడు బావగారు బజారు నుంచి నల్ల మార్కర్ పెన్ను తెచ్చారు. చుక్కలు వేసిన పిల్లల ఎడమ చిటికెన వేలికి వాళ్లు గుర్తు పెడతారు, అది ఉంటే తలుపు మీద సుద్దతో రాసుకుని వెళ్లిపోతారు. అలాంటి గుర్తే మా తోడికోడలు పెడితే అలుక్కుపోయింది. అత్తగారు నా వైపు చూసింది. "మఝౌరాదానా, నీ చెయ్యి వణకదు. నువ్వు పెట్టు."

ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి మెప్పు అది. సగం గోరు మీద, సగం చర్మం మీద, వాళ్లు పెట్టినట్టే పెట్టాను. పక్కిళ్లవాళ్లు కూడా పిల్లల్ని తెచ్చారు. "మా చిన్న కోడలి పనితనం చూడండి, నర్సమ్మ కూడా మోసపోయింది" అని అత్తగారు చెప్పుకుంటుంటే ముసుగులో నవ్వుకున్నాను. నేను జీవితంలో మొదటిసారి కలం పట్టింది అందుకే.

నా కొడుకు రామ్‌ధనీకి అప్పుడు మూడేళ్లు. "నాకు అన్నయ్య వేలికన్నా నల్లగా పెట్టమ్మా" అని వేలు చాచాడు. నల్లగానే పెట్టాను.

ఆ వానల్లో వాడికి జ్వరం వచ్చింది. తగ్గిన రోజు పొద్దున లేపి నిలబెడితే ఎడమ కాలు నిలవలేదు. వాళ్ల నాన్న పంజాబులో నాట్లకు వెళ్లి ఉన్నాడు. నేను ఏడవలేదు. మూకుడులో గింజలున్నాయి, మాడితే మాట పడాలి.

ఆస్పత్రిలో అడిగారు, చుక్కలు వేయించారా అని. బావగారు పిల్లవాడి చెయ్యి ఎత్తి చూపించారు. "ఇదిగో వేలు. మీరు వేసిందే కదా." గుర్తు ఇంకా చెరగలేదు. నేను ముసుగులో ఉన్నాను. ఆ సాయంత్రానికి కోసీ నది కట్ట పొడుగునా ఒకటే మాట, చుక్కలు వేస్తే రామ్‌ధనీ కాలు పోయిందని. అంతకుముందు తెరిచిన తలుపులు కూడా మూసుకున్నాయి. నా మగడు చచ్చిపోయేదాకా ఆ మాటే నమ్మాడు. అత్తగారు పోయింది. గుర్తులు పెట్టించుకున్న పక్కిళ్లవాళ్లు తమ గుట్టు బయటపడకుండా బావగారి మాటే చెప్పారు. ఇంట్లో నిజం తెలిసినవాళ్లం నేనూ, బావగారూ మిగిలాం. తోడికోడలికి తెలుసు గానీ తెలియనట్టే ఉంటుంది.

ఇప్పుడు రామ్‌ధనీ కొట్టు పెట్టుకుని ఫోన్లు బాగుచేస్తాడు. వాడికి పది నెలల కూతురు. పోయిన మాఘంలో చుక్కల రోజున సునయన పాపను చంకనేసుకుని బయల్దేరింది. తోడికోడలు అడ్డం వచ్చింది.

"చదువుకున్నదాన్ని తెచ్చుకుంటే ఇంతే. మేం పెంచలేదూ పిల్లల్ని?"

"పెంచారు పెద్దత్తా. మా ఆయన్ని చూస్తే తెలుస్తోందిగా."

రామ్‌ధనీ కర్ర ఆనించుకుని వచ్చాడు. "నోరు మూస్తావా. నాకు వేశారుగా, ఏం ఒరిగింది? వేలు నల్లగా ఉండటం నాకు ఇప్పటికీ గుర్తుంది. వేయించింది అమ్మే. అడుగు."

సునయన నా వైపు తిరిగింది. "మీరు చెప్పండత్తా."

బావగారు మంచం మీద అరచేతిలో ఖైనీ పొగాకు నలుపుతున్నారు. తల ఎత్తలేదు. నేను నోరు మెదపకపోతే కొడుకు నావాడుగా ఉంటాడు.

"నీకు వేయించలేదు" అన్నాను. ముప్పయ్యేళ్లలో బావగారు నా గొంతు వినడం అదే మొదలు.

"మతి పోయింది దీనికి" అన్నారు ఆయన. "మఝౌరాదానా, లోపలికి పో."

రామ్‌ధనీ జేబులో, ఫోన్ల మీద నంబర్లు వేసే నల్ల పెన్ను ఉంది. తీసుకున్నాను. నా ఎడమ చిటికెన వేలు మీద, సగం గోరు, సగం చర్మం, పెట్టాను. చెయ్యి వణకలేదు. వాడి ముందు పట్టాను.

వాడు ఆ వేలిని వెలుగులోకి తిప్పి చూశాడు. "నల్లగా పెట్టమన్నాను కదూ" అన్నాడు. కర్ర తీసుకుని తన కొట్టుకు వెళ్లిపోయాడు.

నేనూ సునయన వెంట వెళ్లాను. బడి దగ్గర నర్సమ్మ పాప నోట్లో రెండు చుక్కలు వేసి వేలికి గుర్తు పెట్టింది. నా వేలూ పాప వేలూ పక్కపక్కన పెట్టి చూశాను. తేడా కనిపించలేదు.

మరుసటి నెల మా వీధి నుంచి నలుగురు పిల్లల్ని చుక్కలకు తెచ్చారు. మిగిలినవాళ్లు మా గడప తొక్కడం మానేశారు. రామ్‌ధనీ నాతో మాట్లాడడు. వాడికి చదవడం వచ్చు. ఈ కాగితం రేపు వాడి కొట్లో బల్ల మీద పెట్టి వస్తాను.

రాసింది తేత్రీ దేవి. యాభై ఒక్క ఏళ్లు. ఇంటి వెనక గింజల పాకలో విడిగా వండుకుంటున్నాను. కోసీ కట్ట, సుపౌల్ జిల్లా.