ఇంగ్లీషుకి మిగిలిన ఒక్క గంట

బరువైన మాటలంట, కూరలో కాస్త ఉప్పు వెయ్యమన్నంత తేలిగ్గా అడుగుతాడు ఈ మనిషి, ఎలీసా, నాలుగు బరువైన మాటలు వెయ్యి, డైరెక్టరు గారు చదవగానే సరే అనాలి అంటూ తెల్లకాగితాలు బల్లమీద పడేసి స్నానానికి వెళ్లిపోయాడు, ఎనిమిదింటికి ముదినేపల్లి బస్సు, ఆలోపు ఉత్తరం తయారైపోవాలి, పాలిటెక్నిక్‌లో సివిల్ సెక్షన్ హెడ్డు సుందరరాజు గారి తరఫున ఆయన భార్య ఎలీసబెతు, బి.ఏ., రాయాల్సిందేమిటంటే, డిప్లొమా మొదటి సంవత్సరంలో ఇంగ్లీషు దండగ, వారానికి మూడు గంటల్లో రెండు నాలుగేళ్ల కిందటే వర్కుషాపుకి లాగేసుకున్నాం, మిగిలిన ఆ ఒక్కటీ ఇప్పించెయ్యండి అని, అదీ ఇంగ్లీషులోనే, తప్పుల్లేకుండా, పొయ్యిమీద వంకాయ మాడుతోంది, మాడనీ.

వెనక వరండాలో మంచం కిర్రుమంది, కృపానందం ఇటు తిరిగాడేమో, లేదు, నాలుగు రోజులుగా గోడవైపే వాడి మొహం, తన తమ్ముడు, బావ సెక్షన్లోనే మూడేళ్లు చదివి ఫస్టుక్లాసు తెచ్చుకున్నవాడు, కోడూరు దగ్గర తుఫానుకి తెగిన కరకట్ట పనుల్లో ఓవర్సీరుగా వేసుకుంటే మూడు రోజులు ఎండలో కొలిచాడు, అంగుళం తేడా లేదు, నాలుగోరోజు ఆఫీసరు అక్కడ చూసిందంతా ఇంగ్లీషులో ఓ పేజీ రాసిమ్మన్నాడు, అంకెలు రాశాక సగం పేజీ ఖాళీగా ఉందక్కా, చెయ్యి దానంతటదే రాసుకుపోయింది అని ఏడ్చాడు, రాసిందేమిటి, వారానికి ఒక్క గంటలో పాపం తాతారావు మాస్టారు మాత్రం ఏం చెబుతాడు, విహారయాత్ర వ్యాసం ఒక్కటి బట్టీ పట్టండర్రా, పరీక్షలో ఏ ఊరడిగితే ఆ ఊరిపేరు పెట్టెయ్యండి అన్నాడు, ప్రతి ఏడూ అందరూ అలాగే గట్టెక్కారు, వీడూ పెట్టాడు, కోడూరు చూడముచ్చటైన ప్రదేశం, మేమంతా ఎంతో ఆనందించి తీపి గుర్తులతో ఇంటికి తిరిగి వచ్చాము, ఆఫీసరు దాన్ని పైకి చదివాడట, ఇద్దరు పిల్లల్ని ఆ ఉప్పెనలోనే పోగొట్టుకున్న గుమాస్తా పూర్ణచంద్రరావు అక్కడే ఉన్నాడట, కుర్చీ వెనక్కి జరుపుకుని బయటికెళ్లిపోయాడట, రేపట్నించి రావద్దన్నారు వీణ్ణి, రావద్దన్నందుకు కాదక్కా, ఆయన కుర్చీ జరిపిన చప్పుడు, అని మళ్లీ ఏడ్చాడు.

ఈయనగారేమో నీ తమ్ముడికి బుర్ర లేదోయ్ అని నవ్వాడు, పద్యాలు చదివి లాకులు కడతామా అన్నాడు, పద్యాలెవరడిగారు, మర బిగించడం చేతకాని ఓవర్సీరు ఎందుకూ కొరగాడని తనకీ తెలుసు, కళ్లతో చూసింది నలుగురికి అర్థమయ్యేలా చెప్పడం కూడా పనే కదండీ అంటే, చెప్పడానికి గుమాస్తాలుంటారు, మనకెందుకు అన్నాడు, గుమాస్తాలు, ఎవరయ్యా నీ గుమాస్తా, గుడివాడలో కాపురం పెట్టిన దగ్గర్నించి నీ ప్రమోషను అర్జీ ఎవరు రాశారు, బందరు సెమినార్లో చప్పట్లు కొట్టించుకున్న పేపరెవరిది, చర్చి కమిటీ మినిట్సు, ప్రిన్సిపాలుకి క్షమాపణ, అన్నీ ఈ వంటింటి బల్లమీదే, కింద నీ సంతకం, గుండ్రంగా, ధీమాగా.

అయిందా ఎలీసా, బస్సు టైమవుతోంది, లేదండీ అంది, తల తుడుచుకుంటూ వచ్చాడు, ఎంతవరకొచ్చింది, కాగితాలు ఆయన కంచం పక్కకి జరిపి పెన్ను పైన పెట్టింది, మీరు రాయండి, నేను కూర చూసుకోవాలి, హాస్యాలాడకు అన్నాడు, తను నవ్వలేదు, ఆయన టైము చూసుకుని కుర్చీ లాక్కున్నాడు, డియర్ సర్ అని రాశాడు, పెన్ను విదిలించాడు, సర్ పక్కన కామా పెట్టాడు, పైకప్పుకేసి చూశాడు, తరవాతేంటి అన్నట్టు అమాయకంగా, నిజంగానే అమాయకంగా తనకేసి చూశాడు, అప్పుడు అర్థమైంది ఎలీసబెతుకి, ఈ మనిషికి రాయడం రాదు, రాదన్న సంగతి ఇవాళ్టిదాకా ఆయనకే తెలియదు, పదకొండేళ్లుగా తెలియనివ్వనిది తనే.