అప్పళాల కంపెనీలో ఉద్యోగం

ఇస్త్రీ చేసిన కోటు తొడుక్కుంటే సగం ఉద్యోగం చేతికి వచ్చినట్టేనని వెంకటరాయప్ప నమ్మకం. మిగతా సగం కోసమే ఆ ఆదివారం ఆయన చిక్కపేటకు బయలుదేరాడు. తను చదివిన కామర్స్ స్కూలు పాత విద్యార్థులు అక్కడ ఒక మేడమీద ఏడాదికోసారి కలుసుకుంటారు. యుద్ధం ముగియగానే, సిపాయిలకు యూనిఫారాలు కుట్టించే కంట్రాక్టరు కంటోన్మెంటులో దుకాణం మూసేశాడు. దాంతో ఆ కంపెనీ హెడ్‌క్లార్కు వెంకటరాయప్ప కాటన్‌పేటలోని సొంత ఇంటి వరండాలో వచ్చి పడ్డాడు. దేశానికి రేపోమాపో స్వాతంత్ర్యం వస్తుందని పేపర్లు రాస్తున్నాయి. ఆయనకు మాత్రం కాస్త ముందే, అడక్కుండానే వచ్చేసింది.

భార్య సుబ్బలక్ష్మమ్మ గడప దాకా వచ్చి సాగనంపింది. "మీతో చదివిన చంద్రశేఖర్ మిల్లులో మేనేజరు గదా. సిగ్గుపడొద్దండి. పని ఉండాదా అని అడిగేయండి" అంది.

వారం రోజులుగా ఆయన అద్దం ముందు నిలబడి అదే నేర్చుకుంటున్నాడు. మాట్లాడటానికి వెంకటరాయప్పకు ఏనాడూ భయం లేదు. మొదలుపెట్టాక ఆ మాటలు ఎటు పోతాయో ఆయన చేతిలో ఉండదు, అదీ చిక్కు.

ఆ సంఘానికి ఒక ఆచారం ఉంది. ప్రతివాడూ లేచి తన ఉద్యోగం గురించీ సంసారం గురించీ ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పాలి. పక్కవాడు దాన్ని షార్ట్‌హ్యాండులో రాసుకుని, వెంటనే లేచి అందరికీ చదివి వినిపించాలి. నేర్పిన విద్య తుప్పు పట్టకూడదని ప్రిన్సిపాల్ శ్రీనివాసులుగారు పెట్టిన నియమం అది. దాని పుణ్యమా అని ఒక్కొక్కడి గొప్పలూ రెండేసి సార్లు వినాలి. చెప్పేటప్పుడు చెప్పేవాడికే కాస్త అనుమానంగా ఉంటుంది గానీ, అవే మాటలు ఇంకొకడి నోట వినేసరికి తనకే నమ్మకం కుదురుతుంది.

ఇన్సూరెన్సు ఏజెంటు ఒకడు తన పిల్లల గురించి పాలసీల గురించి చెప్పినట్టు చెప్పాడు, ఎవరు ఎప్పటికి చేతికి అందివస్తారో వివరాలతో సహా. ఇంకొకడి అల్లుడికి మద్రాసులో సర్కారు ఉద్యోగం వచ్చిందట. సభ మొత్తం ఆ మామకు చప్పట్లు కొట్టింది.

వెంకటరాయప్ప వంతు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనే లేచాడు. నేను హెడ్‌క్లార్కుగా ఉండేవాణ్ణి అని మొదలుపెట్టాడు. ఆ 'ఉండేవాణ్ణి' దగ్గర ఆగి, బల్ల మీది గ్లాసు అందుకున్నాడు. మంచినీళ్లు తాగి, ప్రస్తుతం మాది సొంత వ్యాపారం అన్నాడు.

వ్యాపారం ఉన్నమాట నిజమే. సుబ్బలక్ష్మమ్మ ఇంట్లో ఆడవాళ్లను పెట్టి అప్పళాలు చేయించి హోటళ్లకు వేస్తుంది. అప్పళాన్ని ఇంగ్లీషులో ఏమంటారో ఆయనకు ఎవరూ నేర్పలేదు కాబట్టి ఫుడ్ ప్రొడక్ట్స్ అన్నాడు. అక్కణ్ణుంచి బండి పల్లానికి పడింది. మా దగ్గర పనిచేసేదంతా మహిళలే, ఊళ్లోని పేరున్న హోటళ్లన్నీ మా ఖాతాదారులే, గిరాకీకి తగినంత సరుకు ఇవ్వలేక సతమతమవుతున్నాం అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ కంపెనీలో తన హోదా ఏమిటో మాత్రం చెప్పలేదు. చెప్పాలంటే, రాత్రి భోజనంలో విరిగిన అప్పళాలు తిని పెట్టడమే ఆయన చేసే పని.

పక్కన కూర్చుని రాసుకున్నది చంద్రశేఖరే. లేచి, ఒక్క మాట పోకుండా, సర్కారు ఉత్తర్వు చదివినంత శ్రద్ధగా చదివాడు. వింటున్నకొద్దీ వెంకటరాయప్పకు ఆ కంపెనీ యజమాని మీద గౌరవం పెరిగిపోయింది. అలాంటివాడి దగ్గర ఒక చిన్న ఉద్యోగం దొరికినా చాలునని కూడా అనిపించింది.

తర్వాత చంద్రశేఖర్ తన వంతుగా రెండే మాటలు చెప్పాడు. మిల్లు బాగా నడుస్తోంది, ఇంట్లో అంతా క్షేమం. కాఫీలప్పుడు వెంకటరాయప్ప ధైర్యం కూడగట్టుకుని ఆయన్ని వెతుక్కుంటూ పోయాడు. ఈలోగా ఆయనే వచ్చి చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకుపోయాడు.

"మిల్లులో నన్ను తీసేసినార్రా" అన్నాడు చంద్రశేఖర్ మెల్లగా. "ఇంట్లో ఇంకా చెప్పలేదు. దినామూ టిఫిన్ క్యారియర్ పట్టుకుని పోయి కబ్బన్ పార్కులో కూర్చుంటా ఉండా. నీ కంపెనీలో ఏదన్నా పని ఉంటే ఇయ్యప్పా."

వెంకటరాయప్పకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే అసూయ కలిగింది. అద్దం ముందు తను నేర్చుకున్న మాటల్నే ఈయన ఎంత తేలిగ్గా అనేశాడు! నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదని ఆయనకూ తెలుసు. అయినా ఆ నిజం నాలుక మీదికి సగమే వచ్చింది. యజమానిని అడగాలన్నాడు.

"యజమాని నువ్వు కాదా?"

"మా ఇంటిది."

చంద్రశేఖర్ నవ్వలేదు. "అయితే పద, ఆయమ్మనే అడుగుతా" అన్నాడు.

ఆవిడ ఎలాగూ కాదంటుంది, తన మర్యాద దక్కుతుంది అనుకుంటూ వెంకటరాయప్ప ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. నడవలో ఆడవాళ్లు పీటలు ముందేసుకుని అప్పళాలు వత్తుతున్నారు. సుబ్బలక్ష్మమ్మ పిండి చేతులతోనే లేచి వచ్చింది. చంద్రశేఖర్ తన సంగతంతా చెప్పి పని అడిగాడు. అప్పళాల పిండికి కావలసిన ఉద్దిపప్పు కోటా కోసం రేషన్ ఆఫీసుకు ఇంగ్లీషులో కాగితాలు రాయగలరా, అక్కడి గుమాస్తాలతో మాట్లాడి పని జరిపించుకు రాగలరా అని ఆవిడ అడిగింది. పప్పు దొరక్క తరచూ పని ఆగిపోతోందని చెప్పింది. ఆయన చేస్తానన్నాడు. రేపట్నుంచి రమ్మంది. చంద్రశేఖర్ రెండు చేతులూ జోడించి, ఇంట్లో చెప్పాలంటూ దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్లిపోయాడు.

వెంకటరాయప్ప నడవలోనే నిలబడిపోయాడు. కాగితాలు రాయడం, ఆఫీసుల చుట్టూ తిరగడం. ఇన్నేళ్లూ ఆయన చేసిన పనే అది.

"ఆ పని ఉండాదని నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. కోపంగా అందామనుకున్నాడు గానీ గొంతులో కోపం పలకలేదు.

"మీరు వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుండేది చూస్తానే ఉంటి" అంది సుబ్బలక్ష్మమ్మ. "ఈ పక్కకి ఒక్క దినమన్నా వచ్చినారా? కోటేసుకునే మనిషిని అప్పళాల కాడికి ఎట్ల పిలిచేది? మీరే అడుగుతారని ఇన్ని నెల్లు ఆ పని ఎవురికీ ఇయ్యకుండా పెట్టుకోని ఉంటి. మిల్లు ఉద్యోగమైతేనే మీకు సరిపోతాదేమో అని ఆయప్ప కాడికి పంపిస్తి. ఆయప్ప వచ్చి నన్ను అడిగినాడు. ఇచ్చేసినా."

ఆడవాళ్లు తలెత్తలేదు గానీ కర్రల చప్పుడు ఆగిపోయింది. వెంకటరాయప్పకు ఏడవాలనిపించింది. చేసిన గొప్పల ప్రసంగానికి కాదు. తన కోసం ఒక కుర్చీ అన్నాళ్లు తన ఇంట్లోనే ఖాళీగా ఉంటే, ఊరంతా తిరిగి దానికి ఇంకొకణ్ణి తెచ్చి కూర్చోబెట్టినందుకు.

"ఇంకేమన్నా పని ఉండాదా?" అని అడిగాడు.

సుబ్బలక్ష్మమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "వత్తేది ఉండాది. వస్తాదా?"

"రాదు."

"కదిరమ్మ పక్కన కూర్చోండి."

అందరికన్నా పెద్దదైన కదిరమ్మ పక్కకు జరిగి చాపలో చోటిచ్చింది. ఒక పీట, ఒక కర్ర ఆయన ముందుకు తోసింది. వెంకటరాయప్ప ఉండ తీసుకుని వత్తాడు. ఒక పక్క పలచగా, ఒక పక్క మందంగా, గోడకు వేలాడే మైసూరు సంస్థానం పటంలా తయారైంది. కదిరమ్మ దాన్ని కాసేపు చూసింది. నలిపి, మళ్లీ ఉండ చేసి, ఆయన పీట మీదే పెట్టింది.